తిరిగివచ్చిన జాబులు

మనము వ్రాసిన జాబు కొన్ని దినములకు మన యింటికే తిరిగివచ్చుట అందఱికిని ఎప్పుడో యొకప్పుడు అనుభవమైన విషయమే. కవరుపై మన దస్తూరియే యుండును. దానికి అడ్డముగ ఒక గీటు, ప్రక్కన తపాలాబంట్రోతు వ్రాసిన చిన్నమాట: ఊరు విడిచినాడనియో, తీసికొననన్నాడనియో, ఇట్టివాడు లేడనియో. జాబులోని సంగతి ఎంత పెద్దదైనను, కవరుపై నున్న ఆ చిన్నమాట ముందు నిలువలేదు. ఆ మాటను గూర్చియే నేటి నా ప్రసంగము.

ఈ మాట మన కాలమున క్రొత్తరూపమున ఎదుటికి వచ్చినది. గ్రంథాలయములు, విద్యాలయములు, వర్తకులు, సభలు జరుపువారు వందలకొలది వేలకొలది ఈమెయిలు విలాసములను ఒక్క పట్టికగా చేర్చి ఒక్కమాఱే జాబు పంపుచున్నారు. వానిలో కొన్ని తిరిగివచ్చును. దీనినే బౌన్సు అందురు. అట్టివి తగ్గుటకై ప్రతి విలాసమును ముందుగా విచారించి, సరియైనది, లేనిది, సందేహమైనది, తెలియనిది అని గుఱుతులు వేసి, ఆ గుఱుతులనుబట్టి పట్టికను వడపోయుట నేటి పద్ధతి. ఇది కేవలము యంత్రయుగపు విద్య యని తోచును. కాని ఇందలి చిక్కు నల్లగొండ, పాలమూరు జిల్లాలలో వెనుకటి తరములవారు కాగితముపై ఎదుర్కొన్నదే. "తెలియదు" అనుటకును "లేదు" అనుటకును గల భేదమే ఆ చిక్కు.

నిజాం రాష్ట్రమునకు సొంత తపాలా శాఖ యుండెను. దాని మొదటి బిళ్ల 1869లో వెలువడెను. బ్రిటిషువారి తపాలా కూడ రాష్ట్రమునందు వేఱుగా నడచుచుండెను. నిజాం బిళ్ల రాష్ట్రము లోపలనే చెల్లును. నల్లగొండవాడు బెజవాడలోని బంధువునకు వ్రాయవలెనన్న మఱియొక బిళ్ల కావలెను. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోవువఱకు ఈ రెండు దారులును నడచినవి.

దారులు రెండైనను విలాసము ఒక్కటియైన కొంత మేలు. అదియును లేదు. పాలమూరునకు 1890లో ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాన్ పేర మహబూబ్‌నగర్ అని నామకరణము జరిగెను. జనుల నోట పాలమూరు పోలేదు, నేటికిని పోలేదు. నల్లగొండకు నీలగిరి యని పాతపేరు. పద్యములు వ్రాసెడి పెద్దలు జాబుపైనను నీలగిరి యనియే వ్రాసిన, అది ఉదకమండలపు కొండలకు ప్రయాణము కట్టిన ఆశ్చర్యమేమున్నది? కచేరీలో ఉర్దూ, ఇంటిలో తెలుగు, రైలుస్టేషనులో ఇంగ్లీషు. ఒక్క ఊరి పేరు మూడు లిపులలో మూడు తీరుల పలికెడిది. ఇక కొత్తపల్లి, రాంపురము వంటి పేర్లన్ననో, తాలూకా పేరు చెప్పనిదే ఏ కొత్తపల్లియో తేలదు.

ఇట్టి చోట పత్రిక నడపుట సాహసము. 1922లో శబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను నడపిరి. 1926 మే నెలలో హైదరాబాదునుండి గోలకొండ పత్రిక వెలువడెను. దాని సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు జిల్లావారే. పత్రికకు సంపాదకీయమే ప్రాణమని పాఠకులు తలతురు. కచేరీలో కూర్చుండి కట్టలు కట్టెడి గుమాస్తా నడిగినచో, చందాదారుల పట్టికయే ప్రాణమనును. నేను గుమాస్తా పక్షమువాడను. చదువరి యింటికి చేరని వ్యాసము ఎంత గొప్పదైనను అచ్చుకూటపు ఖర్చు మాత్రమే.

బ్రిటిషు తపాలావారు 1877లో వి.పి. పద్ధతిని నెలకొల్పిరి. పుస్తకమో పత్రికయో చేతికందినప్పుడు విలాసదారు సొమ్ము చెల్లించును. ఆ సొమ్ము పంపినవారికి చేరును. పత్రికలకు ఇది వరము వలె తోచెను. కాని చందాదారు కట్టను ముట్టుకొననిచో అది తిరుగుముఖము పట్టును, తపాలాఖర్చు పత్రికాధిపతి నెత్తిన పడును. అందుకే తెలుగు పత్రికలు చందా ముగియవచ్చిన వారిని ముందుగానే బ్రతిమాలుకొనెడివి. ఫలానా నెలలో వి.పి. పంపనున్నాము, వలదనుకొన్నచో ఒక్క కార్డు వ్రాసి తెలుపుడని ఆ మనవి. కార్డు వెల స్వల్పము, తిరుగు వి.పి. నష్టము హెచ్చు. పంపుటకు పూర్వమే విచారింపుమను నేటి సూత్రము ఆ మనవిలోనే యున్నది.

అయినను కట్టలు తిరిగివచ్చుట తప్పలేదు. వచ్చిన కట్టపై మాటను చదివి పట్టిక దిద్దుటలోనే గుమాస్తా నేర్పు తెలియును. మరణించెనని వ్రాసియున్నచో పేరు కొట్టివేయవలసినదే. తీసికొననన్నాడని యున్నచో మనిషి యున్నాడు, విలాసము సరియైనదే, మనస్సు మాత్రము లేదు. అట్టివానికి మరల పంపుట మర్యాద కాదు. ఊరు విడిచినాడని యున్నచో మనిషి యున్నాడు, మనస్సును ఉండవచ్చును, విలాసమే చెడినది. క్రొత్త విలాసము విచారింపవలెను. తలుపు తాళము వేసియున్నదని వ్రాసినచో అది ఆ దినపు సంగతియే గాని ఆ యింటి చరిత్ర కాదు. విలాసము చాలదని వ్రాసినచో తప్పు మనదే. ఇన్ని భేదములను గమనింపక తిరిగివచ్చిన ప్రతివానిని ఒక్క గీటుతో కొట్టివేయు గుమాస్తా ఏడాదిలో పట్టికను శుభ్రము చేయును, రెండేండ్లలో పత్రికను శుభ్రము చేయును.

విలాసదారునకును అందక, పంపినవానికిని తిరిగిచేరక నిలిచిపోయిన జాబులకై తపాలాశాఖలో ఒక ప్రత్యేకపు కచేరీ ఉండెను. దానికి మొదట డెడ్ లెటర్ ఆఫీసు, అనగా చచ్చినజాబుల కచేరీ యని పేరు. పంపినవాని జాడ తెలిసికొనుటకై జాబును విప్పు అధికారము అక్కడివారికే కలదు. తరువాతి కాలమున ఆ పేరు మార్చి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అనిరి. చచ్చినదను మాట తొలగి తిరిగివచ్చినదను మాట చేరెను. ఇది నాకు ఎంతయు నచ్చిన మార్పు.

"తెలియదు" అనుట "లేదు" అనుటగా మాఱినచో ఏమగునో మన సారస్వతచరిత్రలో ఒక పెద్ద నిదర్శనము కలదు. ముడుంబ వేంకటరాఘవాచార్యులుగారు నిజాం రాష్ట్రమున తెలుగు కవులు శూన్యమను భావము వచ్చునట్లు ఒకచోట వ్రాసిరి. ఆయన కంట బడని కవులు అసలే లేరన్నట్లైనది. అచ్చుపడని కవిని దూరమునుండి ఎఱుగుట కష్టమే. కాని ఎఱుగకుండుట సాక్ష్యము కాదు. ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో ఒక వ్యాసము వ్రాసి ఊరకుండలేదు. కవుల పేర్లను, పద్యములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. శూన్యమన్న చోట ఇంత పట్టిక! ఊరూరి పేర్లను కూర్చి, విచారించి, ఉన్నవానిని ఉన్నట్లు చూపుటకంటె గట్టి సమాధానము మఱియొకటి లేదు. పట్టికను పెంచుటయు పట్టికను వడపోయుటయు వేఱువేఱు పనులని తోచును గాని, రెంటికిని మూలము విచారణయే.

తరువాత మన జిల్లాలలో విలాసములు చెడుటకు వేఱు కారణములు వచ్చినవి. పాలమూరు కూలీలు దేశమందలి ఆనకట్టలలో, కాలువలలో, రహదారులలో పనిచేసినవారు. ఊరిలో ఇల్లుండును, ఇంటికి తాళముండును, మనిషి యెక్కడనో మట్టి మోయుచుండును. ఆ యింటికి వచ్చిన జాబుపై ఊరు విడిచినాడని వ్రాయుట అబద్ధము కాదు, పూర్తి నిజమును కాదు. వానలు పడినచో తిరిగివచ్చును. 1981లో శ్రీశైలము ఆనకట్ట నీరు నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు 100 గ్రామములు మునిగినవి. అచ్చట మనిషి మాత్రమే గాక విలాసమే నీటి పాలయ్యెను. నిన్నటివఱకు సరియైన విలాసము, ఒక్క అక్షరము తప్పక వ్రాసినను, చేరుటకు ఊరే లేదు.

ఊరి పేర్ల తికమక తగ్గుటకై 1972 ఆగస్టు 15న తపాలాశాఖ ఆఱంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టెను. నల్లగొండకు 508001, మహబూబ్‌నగరునకు 509001. ఈ అంకెల మేలు 2016లో తెలియవచ్చెను. ఆ యేడు అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మహబూబ్‌నగరునుండి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగుళాంబ గద్వాల వేఱుపడెను. 2019లో నారాయణపేటయును వేఱు జిల్లాయయ్యెను. ఒక్క అడుగు కదలని మనుష్యుల విలాసములు ఒక్క ఉదయమున పాతవైనవి.

ఇక ఈమెయిలు సంగతి. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు వేఱువేఱు కంప్యూటరుల నడుమ జాబు పంపు ఉపాయమును కల్పించి, మనిషి పేరునకును యంత్రపు పేరునకును మధ్య ఏట్ గుఱుతు నుంచెను. 1982లో జాన్ పోస్టెల్ అను పండితుడు జాబులను చేరవేయు నియమములను వ్రాసి ప్రకటించెను. మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించెను. పోస్టెల్ నియమములలో నాకు ముచ్చట గొలుపునది యంత్రముల సంభాషణ. జాబు తెచ్చిన యంత్రము వాకిట నిలిచి ఫలానావారున్నారా యని అడుగును. లోపలి యంత్రము అంకెలతో బదులు చెప్పును. 250 అనిన సరే. 550 అనిన అట్టి పెట్టె దొరకదు. 450 అనిన ఇప్పుడు వీలుకాదు, పిమ్మట రమ్ము. అయిదుతో ఆరంభమగు బదులు శాశ్వతపు నిరాకరణ. నాలుగుతో ఆరంభమగునది తాత్కాలికము. తలుపు తాళమునకును ఊరు విడుచుటకును గల భేదమును యంత్రము ఇట్లు మొదటి అంకెలోనే చెప్పుచున్నది.

ఆ నియమములలో విచారణకే ప్రత్యేకమైన ఆజ్ఞ యొకటి కలదు. జాబేమియు ఇయ్యకయే, ఫలానా పేరు మీ యొద్ద ఉన్నదా యని అడుగవచ్చును. లోకమంతయు పెద్దమనుష్యులైనచో ఇది చక్కని సదుపాయమే. కాని దుర్వ్యాపారులు వేలకొలది పేర్లను వరుసగా అడిగి, ఉన్నవారి పట్టికలు తయారుచేసికొని, పనికిమాలిన జాబులు కుమ్మరింపసాగిరి. అంతట చాల యంత్రములు ఆ ప్రశ్నకు బదులు చెప్పుట మానుకొన్నవి. 1989 నాటి నియమములలో దానికై ఒక క్రొత్త అంకె వచ్చెను: 252. నిర్ధారింపజాలను, జాబు తెచ్చినచో తీసికొని ప్రయత్నింతునని దాని భావము. ఇంత నిజాయతీగల మాటను మనుష్యులనుండి వినుట అరుదు.

నేటి విచారణసాధనములు వేఱుదారి పట్టినవి. మొదట విలాసపు రూపమును చూచును. చుక్క తప్పినదా, అక్షరములు తారుమాఱైనవా? పిమ్మట ఆ యంత్రము లోకములో ఉన్నదా, జాబులు పుచ్చుకొనుచున్నదా యని చూచును. తుదకు వాకిటివఱకు పోయి, పేరు చెప్పి, బదులు విని, జాబీయకయే మరలును. వచ్చిన బదులునుబట్టి గుఱుతు వేయును. మంచిదని గుఱుతుపడినవానికి నిశ్చింతగా పంపవచ్చును. లేదని తేలినవానిని వెంటనే తొలగింపవలెను. ఇందు దయ పనికిరాదు. చెడిన పెట్టెలకు పదేపదే పంపువానిని జాబుసంస్థలు అనుమానించును. అమెజాన్ వారి జాబుసేవలో తిరుగుజాబులు నూటికి 5 చేరినచో విచారణకు లోనగుదురు, 10 చేరినచో పంపుటయే నిలిచిపోవచ్చును. గూగులువారు 2024 ఫిబ్రవరినుండి దినమునకు అయిదువేలకు మించి పంపువారికి నిబంధనలు విధించి, పాఠకుల ఫిర్యాదులు వేయికి మూడు చేరరాదనిరి. మాట పోయినవాని జాబు, సరియైన విలాసమునకు పంపినను, చెత్తపెట్టెలో పడును. వెనుక తిరుగు వి.పి. వలన పోయినది తపాలాఖర్చు. నేడు పోవునది పరువు.

ఇంతకంటె ప్రమాదము మఱియొకటి కలదు. ఎవ్వరును వాడక మూతబడిన పెట్టెలను కొన్ని సంస్థలు చాలకాలము నిరాకరించిన పిమ్మట మరల తెఱచి వలగా నుంచును. నాలుగైదేండ్లుగా దులుపని పట్టికకు జాబు పంపినవాడు అందులో చిక్కుకొనును. కావున పాతపట్టికను విచారింపక వాడరాదు. ఒకమాఱు విచారించితిమని ఏండ్లతరబడి నమ్మియుండనురాదు. ఉద్యోగములు మాఱును, సంస్థలు మూతబడును, పట్టిక తనంత తాను ముదియును.

మంచిదియు చెడ్డదియు సులభము. మధ్యనున్నవే మనిషి బుద్ధిని అడుగును. కొన్ని యంత్రములు ఏ పేరు చెప్పినను సరే యనును. మన పల్లెలలో ఇట్టి ఇల్లు ఒకటి యుండెడిది. టపా దినదినము రాని ఊళ్లలో ఊరి జాబులన్నియు పటేలు ఇంటనో, బడిపంతులు ఇంటనో, కిరాణాదుకాణములోనో వేసిపోవుచుండిరి. అక్కడ ఎవ్వరి పేర జాబైనను తీసికొందురు, తిరిగి పంపరు. అంతమాత్రమున అది అసలువానికి చేరినట్లు కాదు. ఈ రకపు విలాసములను మంచివానిలో కలుపరాదు, చెడ్డవానితో పాఱవేయరాదు. వేఱుగా నుంచి, కొలదికొలదిగా పంపి, ఫలితము చూడవలెను. తెలియనివని గుఱుతుపడినవియు అంతే. విచారించిననాడు ఆ యంత్రము పనిలో లేకపోవచ్చును. క్రొత్తవానిని మొదట పిమ్మట రమ్మను అలవాటు దానికి ఉండవచ్చును. రెండుమూడు దినములాగి మరల అడిగినచో పెక్కింటి సంగతి తేలును.

ఓటర్ల పట్టికల విషయమున ఎన్నికలసంఘము పాటించు పద్ధతి ఇచట చెప్పదగినది. ఇంటింటి విచారణలో కానరానివారి, వలసపోయినవారి, మరణించినవారి పేర్లతో వేఱు పట్టిక తయారుచేసి పోలింగు అధికారికి ఇత్తురు. కాని ఆ పట్టికలో పేరున్న మనిషి స్వయముగా వచ్చి నిలిచినచో త్రోసిపుచ్చరు. గుఱుతింపుపత్రమును శ్రద్ధగా పరిశీలించి, వ్రేలిముద్ర తీసికొని, ఓటు వేయనిత్తురు. బస్సు దిగి నేరుగా వచ్చిన పాలమూరు కూలీకి ఆ నియమము విలువ తెలియును. అనుమానము విచారణకు కారణము కావచ్చును గాని తీర్పు కాలేదు.

ఇదంతయు నేను పుట్టుకతో ఎఱిగినది కాదు. కొంతకాలము క్రిందట ఒక చిన్న సాహిత్యసమాజపు ఈమెయిలు పట్టిక నా చేత నుండెను. ఒకమాఱు చాల జాబులు తిరిగివచ్చుటచే విసిగి, వచ్చినవానిపై నేమి వ్రాసియున్నదో చదువకయే అన్నింటిని ఒక్కదెబ్బతో తొలగించితిని. తొలగినవారిలో దేవరకొండ ప్రాంతపు వృద్ధోపాధ్యాయుడొకరు కలరు. తరువాతి నెలలో ఆయన బాల్యమిత్రునకు సంతాపసభ జరిగెను. ఆహ్వానము ఆయనకు పోలేదు. సభ ముగిసిన పదిదినములకు నా పేర ఒక పోస్టుకార్డు వచ్చెను. నిందయేమియు లేదు. తాను కంటి శస్త్రచికిత్సకై పట్టణములో నుండుటచే జాబులు చూడలేదనియు, పెట్టె నిండిపోయినదనియు, తాను మాత్రము ఇంకను ఉన్నాననియు వ్రాసిరి. క్రింద ఊరు, మండలము, పిన్‌కోడు ముత్యములవంటి అక్షరములతో ఉన్నవి.

తిరుగుజాబులను మరల తెఱచి చూచితిని. ఆయన పెట్టెనుండి వచ్చిన బదులు నాలుగుతోనే ఆరంభమై యున్నది. ఆ పేరును యథాస్థానమున వ్రాసి, అట్లే తొలగించిన మఱి పదునొకండు పేర్లను ప్రక్కన పెట్టుకొని, ఒక్కొక్కరి జాడ తీయుటకు కూర్చుంటిని. అందు ఎనమండుగురు దొరకిరి.